ఒంటిగది

పెద్దపందిరి కబేళా. సంక్షేమాధికారి నూర్‌బాషా మాబున్ని రోజువారీ పుస్తకం.

పండుగలకు 38 రోజులు

తెరలు లాగే గంట కొట్టకముందే కబేళాకు చేరాను. ఎండ తగలకుండా ఊరంతా కప్పే నూలుతెర పూర్తిగా పరుచుకునేలోపే జీవాలు బయలు నుంచి లోపలికి వచ్చేయాలి. పొద్దెక్కితే వేడికి బయట నేల మీద గిట్ట ఆనదు. మారెక్క ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఈ రోజు పద్దెనిమిది పొట్టేళ్ళను తోలుకొచ్చి, నీళ్ళు తాగించి, ఒక్కొక్కదాని మెడ నా వైపు తిప్పి పట్టుకుంది. నేను గుండెపట్టీలు కట్టాను.

మారెక్క కురుబ మనిషి. యాభై దాటాయి. ఈ పందిరి కింద బతికే పన్నెండు వేల మందిలో ప్రాణమున్న గొర్రెను రోజూ ముట్టుకునేవాళ్ళు పదిమందికి మించరు. వాళ్ళలో ఆమె ఒకతె. మిగతా ఊరంతా తినేది తొట్లలో పెరిగే మాంసమే. దానికి తల లేదు, కాళ్ళు లేవు, చావూ లేదు. ప్రాణమున్న జీవాన్ని కోయడానికి ఇప్పుడు చెల్లే కారణం ఒక్కటే, దేవుడు. మసీదువాళ్ళ ఖుర్బానీకి, బీరప్ప గుడివాళ్ళ మొక్కులకు అనుమతి ఉంది. ఆ అనుమతికి షరతులున్నాయి. షరతులు అమలవుతున్నాయో లేదో చూసే ఉద్యోగం నాది.

కొత్త పట్టీలు వచ్చి ఇది మూడో వారం. పాతవి కత్తి పెట్టే క్షణంలో మాత్రమే జీవం గుండెను చదివేవి. కొత్తవి అరగంట ముందు నుంచే చదివి, బెదురును ఒక అంకెగా చూపిస్తాయి. అరవై దాటితే ఎరుపు. నూటికి ఐదు ఎరుపులు వస్తే సంజాయిషీ, పది దాటితే అనుమతి రద్దు.

ఈ రోజు పద్దెనిమిదిలో ఒకటి ఎరుపు. కొత్త సామానుకు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుందని రాసుకున్నాను.

పద్నాలుగో నిబంధనను పాటించామని ఎప్పటిలాగే సంతకం చేశాను. ఆ నిబంధన రాసింది నేనే. కత్తికి ముందు పది నిమిషాలు జీవాన్ని చల్లని తెల్లగదిలో ఒంటిగా ఉంచాలి, ఇంకో జీవం చావు దానికి కనపడకూడదు, వినపడకూడదు. మూడేళ్ళ కిందట, మా ఆరు పందిరి ఊళ్ళను నడిపే మండలి దాన్ని ఒప్పుకున్నప్పుడు ఆరింటిలోనూ ఒంటిగదులు కట్టారు. కొత్త అధికారులకు ఇచ్చే శిక్షణ పుస్తకంలో ఆ పేజీ కింద నా పేరుంటుంది. దూదేకులవాళ్ళ పిల్ల రాసిన మాటకు ఆరు ఊళ్ళలో గోడలు లేచాయని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. ఆమె చెబుతుంటే నేను వద్దనను.

పండుగలకు 33 రోజులు

ఇరవైరెండు జీవాలు. మూడు ఎరుపు.

పట్టీలు విప్పుతుంటే మారెక్క అంది, "కొత్త పట్టీ కాదు డాక్టరమ్మా. అవి ఆ గదిలో ఒంటిగా ఉండలేకుండా ఉండాయి."

"ఒంటిగా ఉంటేనే వాటికి చావు కనపడదు మారెక్కా."

"అది సరే. మంద కూడా కనపడదు గదా."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

పండుగలకు 31 రోజులు

ఇరవై జీవాలు. నాలుగు ఎరుపు. నా అనుమానం ఖాసీం సాబ్ చేతి మీదికి పోయింది.

ఖురేషీ ఖాసీం సాబ్‌కు అరవై ఎనిమిదేళ్ళు. ఖుర్బానీకైనా బీరప్ప మొక్కుకైనా ఇక్కడ కత్తి ఆయనదే. వాళ్ళ తాతల నుంచి అలాగే వస్తోంది. జీవం ఎదుట కత్తి నూరడు. దాహంగా ఉన్నదాన్ని కోయడు. ఈ మధ్య టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆయన వేళ్ళు వణకడం చూశాను.

పక్కనే నిలబడి ఆరు జీవాలకు కాలం లెక్కపెట్టాను. కత్తి అంచును కాగితం మీద పరీక్షించాను. ఆయన ప్రతిసారీ కత్తి నా చేతికిచ్చి, తిరిగి తీసుకున్నాడు. ఆరింటికీ ఒక్కటే వేటు. తొమ్మిది సెకన్లలోపే తెలివి తప్పింది. కత్తి పట్టినప్పుడు వేలు వణకలేదు.

"అనుమానించినావని నాకు కోపం లేదు బేటీ. అది నీ నౌకరీ," అన్నాడు చేతులు కడుక్కుంటూ. "అయితే ఒకటి చెప్తా విను. నా చేతికి వచ్చేలోపలే అవి సగం చచ్చి వస్తాండాయి. మెడ మీద చెయ్యి పెడితే నాకు తెలుస్తాది. ముందు ఇట్ల ఉండేది కాదు."

"ముందు అంటే ఎప్పుడు?"

"రెండేండ్లో, మూడేండ్లో."

పండుగలకు 26 రోజులు

మండలి నుంచి నోటీసు వచ్చింది. నెల సగటు నూటికి పదకొండు ఎరుపులు. మిగతా ఐదు పందిళ్ళలో కొత్త పట్టీలు ఇంకా కట్టలేదు కాబట్టి తప్పు మా ఒక్కరిదిగానే కనపడుతోంది. పండుగలోపు తగ్గకపోతే మా జీవాలన్నిటినీ రాళ్ళపందిరి యంత్రశాలకు తోలాలి. అక్కడ తలకు కరెంటు పెట్టి స్పృహ తప్పించాక యంత్రమే కోస్తుంది. ఖాసీం సాబ్ వాళ్ళు దాన్ని ఖుర్బానీ అనరు. బీరప్ప గుడివాళ్ళు మొక్కు తీరిందని అనరు.

ఈ ఏడు బక్రీదు, బీరప్ప జాతర ఒకే వారంలో పడ్డాయి. నాలుగు వందల పన్నెండు జీవాలకు దరఖాస్తులు వచ్చి ఉన్నాయి.

మధ్యాహ్నం బీరప్ప గుడి పెద్ద ఎర్రిస్వామి వచ్చాడు. పెద్దమనిషి. నా ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడ్డాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మసీదోళ్ళు, మేము అందరం కూర్చుని మాట్లాడుకున్యాము. పట్టీ ఒక రంధ్రం వదులు చేసి కడితే అంకె తగ్గుతాదంట గదా. ఆ నాలుగు దినాలే. ఎవురికీ చెప్పం."

"అంకె తగ్గుతుంది పెద్దాయనా. గొర్రెకు బెదురు తగ్గదు."

"అది నిజమే," అన్నాడు. కుర్చీ అంచుకు జరిగి, "మొక్కిన జీవానికి పసుపునీళ్ళు చల్లితే ఒళ్ళు ఇదిలించాల. అది ఒప్పుకున్యట్లు. ఈ నడుమ అవి ఇదిలించడం ల్యా. రాయి మాదిరి నిలబడుకుంటాండాయి. మా పూజారి గంటసేపు చల్లుతాడు. అది నాకూ బాగలేదమ్మా," అన్నాడు.

ఆయన పోయాక పట్టీలు గీసిన గుండె గీతలన్నీ తెరిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఈ పని మొదటి వారమే చేసి ఉండాల్సింది. ఎరుపు దాటినవే కాదు, ఎరుపు దాటని గీతలు కూడా ఒకే చోట లేస్తున్నాయి. కత్తి దగ్గర కాదు. ఒంటిగది తలుపు మూసుకున్న నిమిషంలో.

పండుగలకు 24 రోజులు

ఒక పొట్టేలును తీసుకుని నేనే ఒంటిగదిలోకి వెళ్ళి తలుపు మూయించాను.

గది బాగుంది. గోడలు చల్లగా ఉన్నాయి. బయటి చప్పుడు ఏదీ రాదు. మూడేళ్ళ కిందట మేస్త్రీ పక్కన నిలబడి ఒక్కో మూల సరిచూసుకున్న గది. పొట్టేలు నన్ను పట్టించుకోలేదు. తలుపుకు ముఖం పెట్టి నిలబడి ఒక్కసారి అరిచింది. చెవులు నిక్కబెట్టి బదులు కోసం వింది. గోడలు అంత బాగా కట్టించాను కాబట్టి ఏ బదులూ లోపలికి రాలేదు. మళ్ళీ అరిచింది. అంకె యాభై దాటింది. మూడోసారి అరవలేదు, కాళ్ళు బిగదీసుకుని నిలబడిపోయింది. చూసేవాళ్ళు అది శాంతించిందనే అనుకుంటారు. నేనూ మూడేళ్ళుగా కిటికీ అద్దంలోంచి చూసి అలాగే అనుకున్నాను. అంకె డెబ్బై ఒకటి.

పక్కన కూర్చుని వీపు నిమిరాను. అరవై ఆరుకు దిగింది. అంతకంటే దిగలేదు.

తలుపు తీసి మారెక్కను పిలిచాను. ఆమె పొట్టేలును ఒకసారి చూసింది. మందలోంచి ఒక ముసలి గొర్రెను తెచ్చి లోపలికి వదిలింది. పొట్టేలు దాని మెడ వాసన చూసి, పక్కకు చేరి, తల దించింది. ఒక్క నిమిషంలో అంకె ముప్పై ఎనిమిది.

ఆ అంకెను పుస్తకంలో రాసుకున్నాను.

"నీ తెల్లగోడలు బాగుండాయి డాక్టరమ్మా," అంది మారెక్క. ఎగతాళి చేయలేదు. "మనిషికైతే సరిపోతాయి. గొర్రెకు పక్కన ఇంగో గొర్రె ఉండాల. అదే దానికి ఇల్లు."

"ఇంత తెలిసి మూడేళ్ళుగా ఎందుకు చెప్పలేదు మారెక్కా?"

"మొదటి దినమే చెప్తి. మొన్న కూడా చెప్తి. నువ్వు నవ్వితివి."

పండుగలకు 23 రోజులు

నిన్న రాత్రి ఇంట్లో అన్నం తింటూ కూడా అదే ఆలోచించాను. చావు కనపడితే జీవం బెదురుతుందని నాకు తెలుసు. అది నిజమే. మంద కనపడకపోయినా బెదురుతుందేమోనని నేను ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి రోజూ నా ఎదుట గొర్రె మెడ పట్టుకుని నిలబడే ఉంది.

మూడేళ్ళు, ఆరు పందిళ్ళు. లెక్క తీస్తే పంతొమ్మిది వేల చిల్లర జీవాలు. ఒక్కొక్కదానికి పది నిమిషాలు. కరుణ అని రాసి నేను సంతకం పెట్టిన పది నిమిషాలు.

మండలిలో నా పైఅధికారి కుసుమకుమారి గారికి ఫోను తీగ మీద విషయమంతా చెప్పాను. ఆమె అంకెలన్నీ మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు.

"మాబున్నీ, నీ మంచి కోరి చెబుతున్నాను," అన్నారు చివరికి. "పెద్దపందిరి గదుల కట్టడంలో లోపముందని రాయి. వాటిని మార్చుకోవడానికి అనుమతి ఇప్పిస్తాను. మీ పండుగ గడిచిపోతుంది. నిబంధన జోలికి వెళ్ళకు."

"గదుల్లో లోపం లేదండీ. నేను చెప్పినట్టే కట్టారు."

"నిబంధనే తప్పని రాస్తే అది రాసినవాళ్ళను విచారిస్తారు. ఇక మీదట నీ మాట ఎవరు వింటారు?"

"మిగతా ఐదు ఊళ్ళలో రేపు పొద్దున కూడా ఆ తలుపులు మూస్తారు కదండీ."

ఆమె నిట్టూర్చి, "సరే, రాసి పంపు," అన్నారు.

పంపాను. మొదటి వాక్యం రాయడానికి గంట పట్టింది. పద్నాలుగో నిబంధన జీవాలకు హాని చేస్తోంది, అది రాసింది నేను. తర్వాత మిగతాదంతా తొందరగానే వచ్చింది.

పండుగలకు 19 రోజులు

మండలి జవాబు రాలేదు. మేము ఆగలేదు. గదుల తలుపులు తీసి పక్కన పెట్టించాను. కొత్త దారి ఎలా ఉండాలో మారెక్క, ఖాసీం సాబ్, నేను కబేళా వరండాలో కూర్చుని మాట్లాడుకున్నాం.

మారెక్క మాట, చివరిదాకా తోడు ఉండాలి. ఖాసీం సాబ్ మాట, ఒక జీవం కళ్ళెదుట ఇంకోదాన్ని కోయడం జరగని పని.

"నా తండ్రి చేయలేదు, నేను చేయను. అది మాకు హుకుం," అన్నాడు.

"నీ ముందుకు తోడును తెమ్మని నేను అన్లేదు సాబూ," అంది మారెక్క. "ఎంత దూరం దాకా తేవచ్చో నువ్వే చెప్పు."

ఖాసీం సాబ్ లేచి కత్తి పెట్టే చోట నిలబడ్డాడు. మారెక్క ముసలి గొర్రెతో ఎదురుగా నడిచి వచ్చింది. ఆయన చేయి ఎత్తిన చోట ఆగింది. అక్కడికి కత్తి కనపడుతోంది. ఒక తడిక అడ్డం పెట్టాం. తడిక చాటున దారి వంపు తిప్పాం. మళ్ళీ నడిచారు. పొద్దున్నుంచి సాయంత్రం తెరలు తీసే గంట కొట్టేదాకా ఆ ఇద్దరూ నడుస్తూనే ఉన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి, గొర్రె కన్ను ఉండే ఎత్తులో తల పెట్టి, తడిక సందుల్లోంచి ఏం కనపడుతుందో చూశాడు.

"ఇక్కడ నా నీడ పడతాంది. దీపం అటు మార్చు బేటీ," అన్నాడు.

చివరికి కుదిరింది. వంపు దాకా తోడు గొర్రె. వంపు నుంచి కత్తి దాకా నాలుగు అడుగులు, దవడ కింద తెలిసిన మనిషి చేయి. జీవం ఒంటిగా ఉండేది ఎనిమిది సెకన్లు. ఇంతకుముందు ఆరు వందలు.

ఖాసీం సాబ్ ఒక షరతు తానే చేర్చాడు. "ఎరుపు చూపినదాన్ని నేను ముట్టను. మందలోకి తోలుకుపోవాల. అంకె దిగినాక మరుసటి దినం తేవాల." చట్టం అంత అడగదు. ఎరుపులను లెక్కపెట్టమంటుందే కానీ, ఆగమని ఎక్కడా అనదు.

పండుగలకు 9 రోజులు

మండలి ఉత్తరం. కొత్త దారిని పండుగల వరకు పరీక్షగా అనుమతించారు. నూటికి ఐదు ఎరుపులు దాటితే ఈ ఏటి నుంచే యంత్రశాల. నా మీద విచారణ ముగిసేదాకా పట్టీలు చదివే అధికారం నాకు లేదు. మండలి నుంచి దినకర్ అనే అధికారి వచ్చి చదువుతాడు.

ఊళ్ళ మధ్య గాలిలో వేలాడుతూ నడిచే తాడుబండి దిగి వచ్చిన దినకర్‌కు తాళాలు, పుస్తకాలు అప్పజెప్పాను. నెమ్మదస్తుడు. "పండుగ రోజుల్లో మీరు సెలవు తీసుకోవచ్చు," అన్నాడు.

"ఉంటాను. దారిలో మనుషులు తక్కువగా ఉన్నారు. నేను కూడా జీవాల్ని నడిపిస్తాను."

ఎర్రిస్వామి రెండు కమిటీలవాళ్ళను పోగేశాడు. ఎవరి జీవాన్ని వాళ్ళు ముందుగా నాలుగు రోజులు ఇంటి ముందు మేపాలని, మేపిన మనిషే దాన్ని కత్తి దాకా నడిపించాలని తీర్మానించారు. అందుకోసం రోజూ సాయంత్రం మారెక్క వీధి వీధికీ తిరిగి, దవడ కింద చేయి ఎలా పెట్టాలో అందరికీ నేర్పింది. మసీదు వీధిలో ఆమె చుట్టూ ఆడవాళ్ళు, మగవాళ్ళు అరవై మంది దాకా నిలబడ్డారు. తొట్టిమాంసం తప్ప ఎరగని పిల్లలు గొర్రె ముక్కు తడిగా ఉంటుందని ముట్టుకుని తెలుసుకున్నారు.

బక్రీదు

నమాజు అయ్యాక మొదలుపెట్టాం. నూట అరవై జీవాలు. తెర కింద వెలుతురు పల్చగా ఉంది. ఇంత జనంలో ఇంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ ఎరగను. ఎవరి జీవం పక్కన వాళ్ళు నిలబడి దానితోనే మాట్లాడుకుంటున్నారు. ఖాసీం సాబ్ కింద ఇంకో ముగ్గురు కత్తి పట్టారు. పది జీవాలకోసారి కత్తి లోపలి గదికి పోయి, నూరుకుని తిరిగి వచ్చింది.

పదకొండు గంటలప్పుడు ఎవరి చేతిలోంచో స్టీలు బేసిను జారి బండల మీద పడింది. వరుసలో ముందున్న నాలుగు జీవాలు ఒక్కసారి ఎరుపు చూపాయి. దినకర్ రాసుకున్నాడు. ఖాసీం సాబ్ కత్తి కింద పెట్టేశాడు.

"ఆ నాలుగింటినీ తీసుకపోండి. రేపు," అన్నాడు.

అందులో ఒకటి మసీదు కమిటీ పెద్దాయనది. ఇంటి నిండా చుట్టాలున్నారు. ఆయన తాడు అందుకుని జీవాన్ని వెనక్కి నడిపించుకుపోయాడు.

మా ఇంటి పొట్టేలును అమ్మ తెచ్చింది. వంపు దగ్గర తాడు నా చేతికిచ్చింది. దవడ కింద చేయి పెట్టి నాలుగు అడుగులు నేనే నడిపించాను. నా అరచేతిలో దాని ఊపిరి వెచ్చగా, ఒకే తీరుగా తగిలింది. పట్టీ వైపు చూడలేదు. చూసే పని లేకపోయింది. ఖాసీం సాబ్ దాని మెడ మీద చేయి పెట్టి, నా ముఖం చూసి, చిన్నగా తలాడించాడు. బిస్మిల్లా చెప్పాడు.

తర్వాత గోడ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. సిగ్గు అనిపించలేదు.

జాతర, చివరి రోజు

బీరప్ప డోళ్ళు ఈసారి కబేళాకు రెండు వీధుల అవతలే ఆగిపోయాయి. ఆపించింది ఎర్రిస్వామే. జాతరలో డోలు ఆపమనడం ఎంత పెద్ద మాటో కురుబవాళ్ళకే తెలుసు.

మొదటి పొట్టేలు మీద పూజారి పసుపునీళ్ళు చల్లాడు. అది చెవులు ఆడించింది. తల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్కసారి విదిలించింది. నీళ్ళు ఎర్రిస్వామి తెల్లచొక్కా మీద చిట్లాయి. ఆయన వాటిని తుడుచుకోలేదు. మారెక్క వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆమె, "పోప్పా, పని చూడు," అని ఇంకో పొట్టేలు కోసం వెనక్కి నడిచింది.

సాయంత్రానికి దినకర్ లెక్క చదివి వినిపించాడు. నాలుగు వందల పన్నెండు జీవాలు. ఎరుపులు తొమ్మిది. ఆ తొమ్మిదీ ఆ రోజు ఆగి, దిగినాక మళ్ళీ వచ్చినవే. నూటికి రెండు కంటే కొంచెం ఎక్కువ.

వరండాలో ఉన్నవాళ్ళు కేకలు వేయలేదు. ఖాసీం సాబ్ కత్తిని గుడ్డలో చుడుతూ, "తొమ్మిది ఎందుకు వచ్చినాయో చూడాల," అన్నాడు. ఈ ఊరిలో పుట్టినందుకు నేను ఎంత గర్వపడ్డానో ఈ పుస్తకంలో రాయకుండా ఉండలేను.

జాతర అయిన పదహారో రోజు

విచారణ ముగిసింది. పద్నాలుగో నిబంధన రద్దయింది. దాని చోట తోడు నిబంధన వచ్చింది. రాసినవాళ్ళ పేర్ల దగ్గర కురుబ మారెక్క, ఖురేషీ ఖాసీం అని ఉంది. నా పేరు పెట్టవద్దని నేనే కోరాను. శిక్షణ పుస్తకంలో నా పాత పేజీని తీసేశారు.

సరైన పరీక్ష లేకుండా నిబంధన ప్రతిపాదించినందుకు నన్ను ఒక హోదా తగ్గించారు. మిగతా ఐదు పందిళ్ళకు వెళ్ళి ఒంటిగదులను తీయించి, కొత్త దారి నేర్పే పని అప్పగించారు.

ఉత్తరం మారెక్కకు చదివి వినిపించాను. తన పేరు వచ్చిన చోట మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను.

"హోదా తగ్గించినారు గదా. నీకు బాధ ల్యాదా?" అని అడిగింది.

"కొంచెం ఉంది."

"ఉండాల్లే. రోంత ఉంటే మంచిది," అంది. "ఎప్పుడు పోవాల ఆ ఊర్లకు? నేనూ వస్తా. గొర్రె గురించి నువ్వొకదానివే చెప్తే వాళ్ళు నమ్మరు."

చిన్నపందిరి, మొదటి రోజు

తాడుబండిలో మూడు గంటలు. మారెక్క దారి పొడుగునా కిందికి చూస్తూ, ఎక్కడ మేత ఉందో, ఎక్కడ లేదో చెబుతూనే ఉంది.

ఇక్కడి సంక్షేమాధికారి సోమశేఖర్ కొత్తవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది. మమ్మల్ని కబేళా అంతా తిప్పి చూపించాడు. ఒంటిగదులు ఆరు. ఇంత శుభ్రంగా మా ఊళ్ళో కూడా ఎప్పుడూ లేవు. ప్రతి నెలా తన చేత్తోనే సున్నం వేస్తాడట. పద్నాలుగో నిబంధనను పుస్తకం చూడకుండా పూర్తిగా అప్పజెప్పాడు. మండలి అతనికి పంపిన ఉత్తరంలో నా పేరు లేదు. పెద్దపందిరి నుంచి ఇద్దరు వస్తున్నారని మాత్రమే అతనికి తెలుసు.

మేము తెచ్చిన కొత్త పట్టీని మారెక్క ఒక పొట్టేలుకు కట్టింది. అతన్నే గదిలో కూర్చోబెట్టాం. కాసేపటికి బయటికి వచ్చినప్పుడు అతని ముఖం చూడలేకపోయాను. ఆ ముఖం నాకు తెలుసు.

మేస్త్రీ సమ్మెట తెచ్చి గోడ పక్కన ఆనించాడు. మారెక్క జీవాలను చప్పుడు వినపడనంత దూరం తోలుకుపోయింది.

"ఇవన్నీ కొట్టేయాల్నా?" అన్నాడు సోమశేఖర్. "నేను ఈ ఉద్యోగానికి వచ్చిందే ఆ పేజీ చదివి. అది రాసినామెను ఎవరన్నా అడిగినారా? ఆమె ఒప్పుకునిందా?"

"ఒప్పుకుంది," అన్నాను. "నేనే ఆమెను."

అతను నా వైపు చూశాడు. సమ్మెట అందుకున్నాడు కానీ, ఎత్తలేకపోయాడు. తెల్లగా మెరిసే ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

అతని చేతిలోంచి సమ్మెట తీసుకుని, కొంచెం పక్కకు జరగమని చెప్పి, మొదటి దెబ్బ నేను వేశాను.